వ్యాయామశిక్షకుడు చదువవలసిన శరీరము

కృష్ణా తుంగభద్రల నడుమ నుండుటచే నడిగడ్డ యని పేరొందిన గద్వాల సీమలో గుంటమగ్గమున కాళ్ళు దించి, నడుము వంచి, నూలు చీరకు పట్టు అంచును పోగుపోగున కలుపు నేతగాండ్రును, వనపర్తి పల్లెల నుండి తట్టయు పారయు చేబట్టి వలసవోయి పాలమూరు లేబరను పేరున దూరదేశముల జలాశయముల కట్టలకు మట్టి మోసిన కూలివాండ్రును, నాగర్‌కర్నూలు జిల్లాలోని నల్లమల కొండలలో తేనెపట్టులకై త్రాళ్ళు పట్టి చరియలు దిగు చెంచులును శ్రమ నెరిగిన వారే గాని, నిన్నమొన్నటి వరకు వ్యాయామమను మాటతో వారికి పనిలేకుండెను. ఇప్పుడు, 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైన ఈ మూడు పట్టణముల వీధులలోను జిమ్ములు వెలసినవి. ఇనుప బిళ్ళలు, కదలు పట్టీపై పరుగెత్తించు యంత్రము, గోడ నిండ అద్దము. ఆ అద్దము ముందు పాతికేండ్ల యువకుడొకడు నిలిచి, తన తండ్రి వయస్సు వానికిని, తమ్ముని వయస్సు వానికిని బరువు లెత్తుట నేర్పుచున్నాడు. అతనికి శరీరమును గూర్చి ఏమి తెలిసి యుండవలెను, అందులో ఏది ముఖ్యము, ఏది అలంకారము, ఎక్కడ అతని విద్య ఆగవలెను అను ప్రశ్నను సమగ్రముగ పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వైద్యునకును ఔషధవిక్రేతకును ఉన్నట్టి శాసనబద్ధమైన రిజిస్ట్రేషను మన దేశమున వ్యాయామశిక్షకునకు లేదు. కావున అతని సర్టిఫికెటు పరీక్షించిన సంస్థ యిచ్చిన మాట మాత్రమే. అట్టి సంస్థలలో లోకమున పేరుపడినవి అమెరికాలో పుట్టినవి: క్రీడావైద్య కళాశాలగా 1954లో ఏర్పడిన ఎ.సి.ఎస్.ఎం., 1978 నాటి ఎన్.ఎస్.సి.ఎ., 1985 నాటి ఎ.సి.ఇ., 1987 నాటి ఎన్.ఎ.ఎస్.ఎం. మన దేశమున నైపుణ్యాభివృద్ధి వ్యవస్థ క్రింద క్రీడా వ్యాయామ రంగములకు ఒక నైపుణ్య మండలి యేర్పడి, ఫిట్‌నెస్ ట్రెయినరు వృత్తికి ప్రమాణములు నిర్ణయించినది. వీని పాఠ్యప్రణాళికలు పేర్లయందు భిన్నములైనను సారమున ఒక్కటే: శరీరనిర్మాణము, చలనశాస్త్రము, శక్తి యుత్పత్తి, శిక్షణసూత్రములు, రోగసూచనల పరిశీలన, ఆహారము, అత్యవసర చికిత్స. ఎ.సి.ఇ. పరీక్షలో మూడు గంటలకు 150 ప్రశ్నలు, ఎన్.ఎ.ఎస్.ఎం.లో రెండు గంటలకు 120. గుండె ఆగిన వానికి ఛాతీ నొక్కి ప్రాణము నిలుపు సి.పి.ఆర్. శిక్షణ లేనివానికి ఈ సంస్థలు సర్టిఫికెటు నీయవు. ఆ నియమము నా దృష్టిలో తక్కిన పాఠ్యమునందలి సగముకంటె విలువైనది. వ్యాయామము నేర్పుటకై ముందు తాను శిక్షణ పొందుట తెలుగువారికి క్రొత్తయును కాదు. వీరఘట్టమున 1882లో జన్మించి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకొన్న కోడి రామమూర్తినాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది వచ్చి, విజయనగరమున విద్యార్థులకు వ్యాయామము నేర్పినవాడే. అతని బలమును అందరును కీర్తించిరి. అతడు చదువుకొని వచ్చిన శిక్షకుడను సంగతి మాత్రము మరుగుపడినది.

మొదట శరీరనిర్మాణము. అస్థులు 206, కండరములు 600కు పైబడినవి. పరీక్షకు కూర్చుండు యువకుడు వీని లాటిను పేర్లను రాత్రింబవళ్ళు వల్లెవేయును. కాని ఆ పేర్లు అర్థములేని శబ్దములు కావని అతనికి ఎవ్వరును చెప్పకుండుట విచారకరము. బైసెప్స్ అనగా రెండు తలలు గలది, ద్విశిరస్కము, ట్రైసెప్స్ త్రిశిరస్కము, తొడ ముందరి క్వాడ్రిసెప్స్ చతుశ్శిరస్కము. పేరు తెలిసినంతనే ఆ కండరము ఎన్ని చోట్ల మొదలగునో తెలియుచున్నది. మొదలును కొసయు తెలిసిన వానికి, అది ఏ కీలును దాటుచున్నదో, దాటిన కీలును ఎటు ముడుచునో తనంతట తెలియును. భుజపుకీలునందు బంతి పెద్దది, దానిని పట్టు పళ్ళెము చిన్నది. ఆ బంతి జారకుండ చుట్టును పొదివి పట్టుకొనునవి నాలుగు చిన్న కండరములు. అద్దమున కనబడు ఛాతీని పెంచుకొనుచు అద్దమున కనబడని ఈ నాలిగింటిని మరచిన యువకుడు, కొన్ని నెలలకు చేయి తలమీదికి ఎత్తలేక బాధపడుట జిమ్ములలో సాధారణముగ చూచునదే.

అయితే ఈ శాస్త్రమును మన సీమలో బోధింపబూనిన వానికి లాటినుకంటె పెద్ద చిక్కు మన వాడుకభాషలోనే కలదు. అది నరమను మాట. పిక్క పట్టుకొన్నను నరము పట్టినదందుము. ముంజేతిమీద సిర ఉబికినను నరము తేలినదందుము. మడమపై స్నాయువు వాచినను నరము వాచినదే. నడుమునుండి కాలికి జివ్వున లాగినను నరమే. నాలుగు వేర్వేరు ధాతువులకు, అనగా కండరమునకు, రక్తనాళమునకు, కండరమును ఎముకకు కట్టు స్నాయువునకు, మెదడు ఆజ్ఞను కొనిపోవు నాడికి, ఒక్కటే పేరు చెల్లుచున్నది. పట్టిన కండరమునకు మెల్లగ సాగదీయుట ఉపశమనము. వాచిన స్నాయువునకు క్రమముగ బరువు మోపుచు కాలము గడపుట చికిత్స. నలిగిన నాడిని సాగదీసినచో బాధ హెచ్చును. కాబట్టి నరమన్న మాట వినినప్పుడు అది నాలిగింటిలో ఏదియో విడదీయగల శిక్షకుడే శరీరనిర్మాణము చదివినవాడని నేను తలచుచున్నాను. 206 ఎముకల పట్టిక ఒప్పచెప్పినవాడు పరీక్షలో ఉత్తీర్ణుడగును, అంతే.

చలనశాస్త్రమునకు మన రైతు పరాయివాడు కాడు. ఏతమెరిగినవానికి తులాదండ సూత్రము తెలిసినట్లే: నడుమ ఆనిక, ఒకవైపు బరువు, మరియొకవైపు బలము. సుమారు 5 కిలోల తల మెడపై నిలుచుట ఏతమువంటిదే. తల ముందునకు వంగినకొలది మెడవెనుక కండరములు అధికముగ లాగవలసివచ్చును. మునివ్రేళ్ళపై లేచుటలో మడమ వెనుక లాగు పిక్క బలము, నడుమ దేహభారము, కొసన ఆనిక యుండుటచే అది రెండవ విధము. మోచేయి మూడవ విధము. అందు కండరము ఆనికకు అతిసమీపమున నతుకుకొని యుండుటచే, అరచేతిలోని 5 కిలోల బరువును నిలుపుటకు ద్విశిరస్క కండరము దాని కేడెనిమిది రెట్ల బలముతో లాగవలెను. శరీరము బలమున నష్టపోయి వేగమున లాభించుచున్నదని ఇందుచేత గ్రహింపవచ్చును.

ఈ సూత్రమును గద్వాల నేతగానికి అన్వయించి చూతము. అతడు గుంట అంచున కూర్చుండి, పాదములతో తొక్కుడుచెక్కలు తొక్కుచు, ముందునకు వంగి, చేతితో నాడెను విసరుచు రోజంతయు గడపును. వెన్నుపూసలలో కదలునవి 24. అందు నడుముయొక్క 5 పూసలు దేహభారమును అధికముగ భరించును. 1960ల ప్రాంతమున స్వీడను వైద్యుడు నాకెమ్సన్ సజీవులైన మనుష్యుల నడుముపూసల నడిమి బిళ్ళలో సూది యుంచి ఒత్తిడి కొలిచి, నిలుచున్నప్పటికంటె ముందునకు వంగి కూర్చున్నప్పుడది హెచ్చని కనుగొనెను. అట్టివాడు జిమ్మునకు వచ్చినంతనే బొజ్జ కరుగుటకని వెల్లకిల పరుండబెట్టి వందలకొలది సార్లు నడుము ముడిపించుట, రోజంతయు చేసిన వంపునే మరల చేయించుట యగును. అతనికి కావలసినది తుంటిని వెనుకకు చాచు పిరుదుల బలము, వెన్నును నిలువుగ పట్టు కండరముల ఓర్పు, గుంట విడిచి కొంతదూరము నడక. ఇచట ఒక హెచ్చరిక కూడ అవసరము. కొన్ని సర్టిఫికెటు గ్రంథములు భుజములు ముందునకు వ్రాలిన భంగిమను ఒక లోపముగ పేర్కొని, నొప్పి కంతటికిని అదియే మూలమన్నట్లు బోధించును. భంగిమకును నొప్పికిని అంత బిగువైన సంబంధము పరిశోధనలలో తేలలేదు. నేతగాని వంగిన వీపు తప్పు కాదు; అది ఒకే పనిని విరామము లేక చేసిన వీపు. దానిని సరిదిద్దెదనని భయపెట్టు శిక్షకునికంటె, దానికి లేని కదలిక నిచ్చు శిక్షకుడు మేలు.

కండరము ఎట్లు ముడుచుకొనునను రహస్యము 1954లో రెండు వేర్వేరు బృందములు ఒకే పత్రికలో ప్రకటించుటతో విడివడినది: పోగులు తాము పొట్టివి కాకుండ, సన్ననివి మందమైనవాని నడుమ జారుచున్నవని. ముడుచుకొనుచు లాగుట, నిలిచి పట్టుట, సాగుచు ఆపుట అను మూడు విధముల పనిలో, చివరిది పామరజనులకు అనుభవమున తెలిసినను పేరు తెలియనిది. బరువైన తట్టతో కట్ట ఎక్కుటకంటె దిగుటయందే మరునాడు తొడలు అధికముగ నొచ్చును. ఏలన దిగునప్పుడు చతుశ్శిరస్కము సాగుచు భారమును ఆపుచున్నది. ఒకటి రెండు రోజులకు ముదురు ఈ నొప్పికి లాక్టిక్ ఆమ్లము కారణమని జిమ్ములలో నేటికిని చెప్పుచున్నారు. అది పొరబాటు. ఆ ఆమ్లము గంటసేపటిలో చాలవరకు తొలగిపోవును. నొప్పి సాగిన పోగుల సూక్ష్మమైన చీలికలవలనను, దాని వెంట వచ్చు వాపువలనను కలుగును.

లాక్టిక్ ఆమ్లమునుగూర్చిన ఈ పొరబాటునకు పూజ్యమైన చరిత్ర కలదు. దానిని తొలగించుటలో ఒక తెలుగువాని చేయియు కలదు. 1922 నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్‌హోఫ్ అనువారు కండరశక్తికి ఆ ఆమ్లమే ప్రధానమని లోకమును నమ్మించి యుండిరి. భీమవరమున 1895లో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణము బోధించి, తరువాత అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో కలసి 1927లో కండరమునందలి ఫాస్ఫోక్రియాటినును బయల్పరచెను. 1929లో ఎ.టి.పి. అను శక్తిద్రవ్యమునుగూర్చి ప్రకటించెను. ఆ సంవత్సరముననే జర్మనీలో లోమన్ దానిని స్వతంత్రముగ కనుగొనెను. మరుసటి యేడు లుండ్స్‌గార్డ్ అను డేనిషు శాస్త్రజ్ఞుడు లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషము పెట్టిన కండరము సయితము ముడుచుకొనుటను చూపగా, ఆ శక్తి సుబ్బారావు గుర్తించిన ఫాస్ఫోక్రియాటినునుండి వచ్చుచున్నదని తేలినది. నేడు ప్రతి సర్టిఫికెటు పుస్తకమునందును శక్తివ్యవస్థలను అధ్యాయమున మొట్టమొదట నుండునవి ఈ రెండు ద్రవ్యములే. క్రియాటిను డబ్బాలు అమ్ము దుకాణములు ఊరూర వెలసినవి. ఆ డబ్బా కొను తెలుగు యువకునకు దానివెనుకనున్న తెలుగువాని పేరు తెలియకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

ఆ అధ్యాయము ఎంత ఉపయోగకరమో పోలీసు కానిస్టేబులు పరీక్షకు సిద్ధపడు యువకులను చూచిన తెలియును. తెలంగాణలో 2022 నియామకములలో పురుషులకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషముల 15 సెకనులలోను, 4 మీటర్ల లాంగ్‌జంపు, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరుట నిర్ణయించిరి. ఈ మూడును ఒకే శరీరము చేయవలసినను ఒకే యింధనముతో చేయదు. గుండు విసరుట క్షణకార్యము. అందు ఉన్న ఎ.టి.పి.యు, దానిని తిరిగి నింపు ఫాస్ఫోక్రియాటినును చాలును. ఆ నిలువ సుమారు పది సెకనులకు తరిగి, రెండు మూడు నిమిషముల విశ్రాంతితో మరల నిండును. కాబట్టి విసరు విసరునకు నడుమ నిలిచి ఊపిరి తీసికొనుట సోమరితనము కాదు, శాస్త్రము. దాని వెంట గ్లూకోజును ప్రాణవాయువు లేకుండ మండించు మార్గము రెండు నిమిషముల వరకు ముఖ్యముగ పనిచేయును. ఏడు నిమిషముల పరుగులో మాత్రము అత్యధికభాగము ప్రాణవాయువుతో మండు ఇంధనముదే. ఇది తెలియక, నోటిఫికేషను వెలువడిన మరునాటినుండి ప్రతి ఉదయమును 1600 మీటర్లను శక్తికొలది పరుగెత్తు యువకులు నెల తిరుగకమునుపే మోకాలి క్రింది ముందరి ఎముకను పట్టుకొని కూర్చుందురు. గుండెయు ఊపిరితిత్తులును వారములలో అలవడును; ఎముకయు స్నాయువును నెలలు కోరును. మాటలాడుచు పరుగెత్తగలంత నెమ్మదిగ అధికదూరము, వారమున ఒకటి రెండు నాళ్ళు మాత్రము వేగము: ఈ లెక్క చెప్పగలవానికి ఆ యువకులు ఋణపడుదురు.

భారమును క్రమముగ హెచ్చించుట శిక్షణశాస్త్రమున మూలసూత్రము. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల సన్నగిల్లిన తొడలకు ఇనుప బరువులతో చికిత్సచేసిన అమెరికా సైనికవైద్యుడు డెలోర్మ్, పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలతగా గ్రహించి దానిని వారవారమునకు పెంచు పద్ధతిని 1945లో ప్రకటించెను. నేడు జిమ్ములలో పలుకు సెట్లు, రెప్పులు అనునవి ఆ పద్ధతికి సంతానమే. మన పూర్వులును కొలత లేనివారు కారు. తన బలమున సగమువరకే వ్యాయామము చేయవలెనని, శ్వాస నోటికి వచ్చుట ఆ సగమునకు గుర్తని సుశ్రుతము చెప్పినది. గ్రీష్మమున మరింత తగ్గింపుమని అష్టాంగహృదయము ఋతుభేదమును గూడ గుర్తించినది. గద్వాల సీమ యొకప్పుడు లోబడియుండిన కల్యాణి చాళుక్యులలో సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మల్లుల అభ్యాసమును, ఆహారమును వర్ణించు భాగము కలదు. శ్వాసతో శ్రమను కొలుచు పద్ధతిని ఇరువదవ శతాబ్దమున స్వీడను దేశీయుడు బోర్గ్ 6 నుండి 20 వరకు అంకెలతో పునర్నిర్మించెను. ప్రాచీనుల మాటతోనే సర్వమును సాధించెదమనుట దురభిమానము. ఆ మాట యంత్రము లేని పల్లెలో సయితము పనికివచ్చుననుట న్యాయము.

హృదయమునుగూర్చి చెప్పవలసినది కలదు. 1953లో లండనులో మోరిస్ అను వైద్యుడు, మేడమెట్లెక్కి దిగు బస్సు కండక్టర్లకు కూర్చుండు డ్రైవర్లకంటె గుండెజబ్బు తక్కువని చూపెను. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమశ్రమను, రెండు నాళ్ళ కండరవ్యాయామమును కోరుచున్నది. వయస్సును 220లో తీసివేసి గరిష్ఠ హృదయస్పందనమును కనుగొను సూత్రము ప్రతి జిమ్ము గోడమీదను ఉండును; అది ఒక వ్యక్తివిషయమున పది పన్నెండు స్పందనములు అటో ఇటో తప్పవచ్చును. రక్తపోటునకై ఎటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడువానికి అది బొత్తిగ పనికిరాదు, ఆ మాత్రలు స్పందనమునే తగ్గించును గనుక. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. పరిశీలన దేశమున మధుమేహులు 10 కోట్ల 10 లక్షలని లెక్కించినది. జిమ్మునకు వచ్చు నలుబదేండ్ల దుకాణదారులలో తన చక్కెర సంగతి తెలియనివాడు తప్పక యుండును. పనిచేయు కండరము ఇన్సులిను సాయము లేకయే రక్తమునుండి చక్కెరను తీసికొనును. మధుమేహునకు వ్యాయామము ఇట్లు ఔషధమువలె పనిచేయును. కాని ఇన్సులినుగాని గ్లిమిపిరైడ్ మాత్రగాని తీసికొని, ఉదయము ఏమియు తినక బరువులెత్తువానికి చక్కెర అతిగ పడిపోయి కళ్ళు తిరుగవచ్చును. ఛాతీలో నొప్పి యున్నదా, తల తిరుగునా, ఏ మాత్రలు వాడుచున్నారు, కీళ్ళలో బాధ యున్నదా అను నాలుగు ప్రశ్నలు రుసుము తీసికొనుటకు ముందు అడుగుట శిక్షకుని ధర్మము. వనపర్తికిని నాగర్‌కర్నూలునకును 2022లోను, గద్వాలకు 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. అనుమానము కలిగినచో పంపుటకు చోటులేదను మాట ఇక చెల్లదు.

పాలమూరు ఎండలు 40 డిగ్రీలు దాటు నెలలలో ఈ ధర్మము మరింత కఠినమగును. ఎండలో శ్రమించినవాడు తడబడి మాటలాడుచు, ఒళ్ళు కాలుచుండగా పడిపోయినచో, మొదట నీటితో ఒడలు చల్లార్చి తరువాత ఆసుపత్రికి కొనిపోవలెను; వరుస తారుమారైనచో ప్రాణము పోవచ్చును. క్రొత్తగ చేరినవానితో శిక్షగనో పందెముగనో వందలకొలది బస్కీలు తీయించుట యింకొక ప్రమాదము. నలిగిన కండరముల ద్రవ్యము రక్తమున చేరి మూత్రపిండములను దెబ్బతీయును; మూత్రము డికాషను రంగున వచ్చినచో ఒక గంటయు ఆలసింపరాదు. ఇవి భయపెట్టుటకు వ్రాయుటలేదు. పరీక్షలో ఒకటి రెండు ప్రశ్నలకు మించని ఈ విషయములే జిమ్మున ఒకనాడు నిజముగ ఎదురగును.

ఆహారముగూర్చి క్లుప్తముగ చెప్పెదను. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ పెద్దలకు కిలో దేహభారమునకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సూచించినది. బరువులెత్తి కండ పెంచువానికి దాని రెట్టింపువరకు ప్రయోజనమున్నది. నూరు గ్రాముల జొన్నలో సుమారు 10, కందిపప్పులో 22 గ్రాములు కలవు. జొన్నరొట్టె, పప్పు, పెరుగు, గ్రుడ్డు తినువానికి డబ్బాపొడి అనివార్యము కాదు. రోగికి ఆహారనియమము వ్రాయుట మాత్రము శిక్షకుని హక్కు కాదు. సూదులమ్ముటయు, హార్మోనులిచ్చుటయు అపరాధము.

ఇట్లు పరిశీలింపగా, ఈ విద్యయంతయు శిక్షకునకు తెలుగులో అందుబాటున లేకుండుటే పెద్ద కొరతగా నాకు తోచుచున్నది. గద్వాల సీమలో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి, ఆంధ్రుల సాంఘికచరిత్రలో రాజుల యుద్ధములకంటె ప్రజల తిండిని, వేషమును, ఆటలను ముఖ్యముగ గ్రహించెను. ఆ దృష్టి ఈ శాస్త్రమునకును వలయును. మగ్గపుగుంట, గడ్డపార, తట్ట, మోట, వరినాటు: ఇవి శరీరమును ఎట్లు మలచునో వ్రాసిన తెలుగు పాఠ్యపుస్తకముండినచో, ఆంగ్లము సరిగ రాని శిక్షకుడును అర్థములేని పదములను వల్లెవేయు శ్రమ తప్పి, తన యెదుటి దేహమును చదువగలడు.

ఆ చదువు ఎట్టిదో తెలుపుటకు ఒక్క సందర్భము చాలును. నడివయస్సు నేతగాడొకడు జిమ్ము మెట్లెక్కి వచ్చి, “నరం పట్టింది బిడ్డా, నడుం పని జేస్తలేదు” అనును. తెలిసిన శిక్షకుడు బరువులవైపు చూడడు. “యాడ కాకా, జర వేలు పెట్టి చూపియ్యి” అని అడుగును. వ్రేలు నడుముప్రక్క కండమీద నిలిచి, నొప్పి పిరుదు దాటి పోనిచో, అది శ్రమవలన బిగిసిన కండరమే కావచ్చును. నడకతోను తేలికకదలికతోను మొదలిడవచ్చును. వ్రేలు తొడవెనుకగ దిగి, మోకాలు దాటి, పాదపు బొటనవ్రేలివరకు పోయి, అచ్చట తిమ్మిరి యున్నదని చెప్పినచో, అది నాడి; వైద్యుడు చూచినపిదపనే వ్యాయామము. మూత్రము పట్టు తప్పుచున్నదనియు, కూర్చుండుచోట స్పర్శ తెలియుటలేదనియు చెప్పినచో, ఆ పూటనే, ఆటో పిలిచి, తోడు వెళ్ళి, ఆసుపత్రిలో దింపవలెను.